బ్రహ్మకూ ఒక ఉమ్ర్ ఉంది

మా చిన్నమ్మాయి ఏడో తరగతి. మొన్న మగ్రిబ్ నమాజ్ అయ్యాక నేను జానిమాజ్ మడతపెడుతుంటే వచ్చి, "అబ్బా, బ్రహ్మ అంటే వాళ్ల అల్లాహ్ నా?" అని అడిగింది. క్లాసులో పక్కన కూర్చునే పిల్లతో మాటల్లో వచ్చిందట. ఆ పిల్ల "మమ్మల్ని బ్రహ్మదేవుడు పుట్టించాడు" అందట. మా పిల్ల "మమ్మల్ని అల్లాహ్ పుట్టించాడు" అందట. తర్వాత ఇద్దరికీ కలిపి ఒకటే సవాల్ వచ్చింది: ఇద్దరూ ఒకరేనా, వేరువేరా?

నేను వెంటనే జవాబు చెప్పలేదు. "ఒకరే" అనేస్తే పిల్ల అఖీదా దగ్గర నేను తొందరపడినట్టు. "కాదు, వాళ్లది ఉత్త కల్పన" అంటే పాతికేళ్ల కిందట చేసిన గలతీ మళ్లీ చేసినట్టు.

ఆ గలతీ ఏమిటో ముందు చెప్పాలి. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. నాలుగు కితాబులు చదివి ఆలిమ్‌నైపోయానన్న గురూర్. మా వీధిలో ఒక తెలుగు మాస్టారు ఉండేవారు. ఇప్పటికీ ఉన్నారు, అల్లాహ్ ఆయనకు సెహత్ ఇవ్వాలి. ఒకరోజు టీకొట్టు దగ్గర పదిమంది ఉండగా, "మాస్టారూ, సృష్టికర్తకే గుడి లేదు, పూజ లేదు. అలాంటప్పుడు ఆయనేం సృష్టికర్తండీ?" అని అడిగాను. తెలుసుకోవాలని కాదు, నలుగురూ నవ్వాలని. నవ్వారు కూడా. మాస్టారు కోప్పడలేదు. "నువ్వడిగింది మా పురాణాలే వందల ఏళ్లుగా అడుగుతున్నాయి నాయనా. వినే ఓపిక ఉంటే సాయంత్రం ఇంటికి రా" అన్నారు. నేను వెళ్లలేదు. ఆ గడప ఎక్కడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఎక్కాక తెలిసింది, ఈ సవాల్ నాది కాదని. బగ్దాద్‌లో, గజ్నీలో, ఢిల్లీలో మన బుజుర్గులు వెయ్యేళ్లకు పైగా అడుగుతూ వచ్చిన సవాల్ ఇది. ఎవరీ బ్రహ్మ? కొందరు తప్పు చెప్పారు. కొందరు అందంగా తప్పు చెప్పారు. ఒకాయన మాత్రం సరిగ్గా చెప్పాడు.

మొదట మాస్టారు చెప్పిన మాట. తెలుగులో బ్రహ్మ అని ఒక మాట ఉంది, బ్రహ్మం అని ఇంకో మాట ఉంది. మధ్యలో తేడా ఒక్క సున్నా. బ్రహ్మం లేక పరబ్రహ్మం అంటే ఆద్యంతాలు లేనిది, రూపం లేనిది, ఆడా మగా కానిది, అన్నిటికీ మూలమైనది. ఉపనిషత్తులు మాట్లాడేది దాని గురించి. బ్రహ్మ అంటే నాలుగు ముఖాలవాడు, తామరపువ్వులో కూర్చున్నవాడు, సరస్వతి భర్త, హంస వాహనం కలవాడు. పుట్టినవాడు. పనివాడు. లోకాన్ని తయారుచేసే డ్యూటీ ఆయనది. "ఆ సున్నా చూడకుండా మాట్లాడేవాళ్లు మావాళ్లలోనూ చాలామందే ఉన్నార్లే" అన్నారు మాస్టారు.

మన జబాన్‌లో చెప్పాలంటే, బ్రహ్మ ఖాలిఖ్ కాదు, మఖ్లూఖ్. ఈ మాట నేను వాళ్లని తగ్గించడానికి అనడం లేదు. వాళ్ల కితాబులే అంటున్నాయి. విష్ణువు నాభిలోంచి మొలిచిన తామరలో బ్రహ్మ పుట్టాడని వైష్ణవ పురాణాలు. శివుడి జ్యోతిస్తంభం కొస వెతుక్కుంటూ హంసై పైకెగిరి, దొరక్కపోయినా దొరికిందని మొగలిపువ్వుతో దొంగసాక్ష్యం చెప్పించి, పూజ లేకుండా పొమ్మని శాపం తిన్నాడని శైవ పురాణాలు. ఐదో తల ఉండేదని, దాన్ని శివుడు తెంచేశాడని ఇంకో కథ. పోతన భాగవతంలో గోపబాలుర్నీ దూడల్నీ దాచిపెట్టి, కృష్ణుడి ముందు తెల్లబోయి తల వంచుతాడు. మనమంతా బడిలో చదువుకున్న గజేంద్ర మోక్షమే తీసుకోండి. ఏనుగు ఎవరి పేరూ పెట్టకుండా, సమస్తానికీ మూలమైనవాడు ఎవడో వాడు రావాలని మొర పెట్టుకుంటుంది. బ్రహ్మ మొదలైనవాళ్లు ఆ మొర విని కూడా కదలరు. ఎందుకంటే ఆ పిలుపు తమది కాదని వాళ్లకు తెలుసు. తెలుగు వాచకంలో ఆ పద్యాలు కంఠస్తం చేసి మార్కులు తెచ్చుకున్నాను గానీ, అందులో ఇంత మాట ఉందని అప్పుడు నాకు తట్టలేదు.

అయితే ఆయన హమేషా ఇలా చిన్నవాడిగా లేడు. ఇదే అసలు తారీఖ్. రుగ్వేదం పదో మండలంలో హిరణ్యగర్భుడి సూక్తం ఉంది, బంగారు పిండంలోంచి వచ్చిన తొలి ప్రభువు గురించి. అదే మండలంలో నాసదీయ సూక్తం అని ఇంకొకటి ఉంది. అది సృష్టి ఎలా మొదలైందని అడిగి, పైనున్నవాడికి తెలుసేమో, బహుశా ఆయనకూ తెలియదేమో అన్న అనుమానంతో ఆగిపోతుంది. వేదం చివరిదశలో, బ్రాహ్మణ గ్రంథాల కాలంలో సృష్టి పని చేసేవాడి పేరు ప్రజాపతి. మత్స్యావతారం, వరాహావతారం అంటే ఇప్పుడు విష్ణువు గుర్తొస్తాడు కదా. శతపథ బ్రాహ్మణంలో నేలను పైకెత్తిన ఆ వరాహం ప్రజాపతి రూపం. మనువును ప్రళయం నుంచి కాపాడిన చేప కథ కూడా అక్కడ విష్ణువు పేరు లేకుండానే ఉంది. ప్రజాపతి పనీ పేరూ తర్వాత బ్రహ్మకు వచ్చాయి. ఆ తర్వాత విష్ణు భక్తి, శివ భక్తి బలపడే కొద్దీ ఆ ఘనకార్యాలు ఒక్కొక్కటీ వాళ్లకు వెళ్లిపోయాయి. చివరికి బ్రహ్మకు మిగిలింది ఓహదా మాత్రమే. పెద్ద ఇంట్లో ముసలి పెద్దాయనలా తయారయ్యాడు. అందరూ మర్యాదగా లేచి నిలబడతారు, తాళంచెవులు మాత్రం కొడుకుల దగ్గరుంటాయి.

బౌద్ధులకు బ్రహ్మ బాగా పెద్దవాడిగా ఉన్నప్పుడే తెలుసు. జ్ఞానోదయమయ్యాక ధర్మం బోధించమని బుద్ధుణ్ణి బతిమాలినవాడు బ్రహ్మేనని వాళ్ల గ్రంథాలు చెబుతాయి. గాంధార శిల్పాల్లో బుద్ధుడికి ఒక పక్క ఇంద్రుడు, ఇంకో పక్క బ్రహ్మ. కానీ వాళ్ల బ్రహ్మజాల సూత్రంలో ఒక మజాక్ కూడా ఉంది. లోకం మళ్లీ మొదలయ్యేటప్పుడు ఖాళీ బ్రహ్మలోకంలో ఒక జీవి ముందుగా పుడతాడు. ఒంటరితనం భరించలేక ఇంకెవరైనా ఉంటే బాగుండును అనుకుంటాడు. అదే సమయానికి ఇంకొందరు తమ కర్మ కొద్దీ అక్కడ పుడతారు. "నేను అనుకున్నాను, వీళ్లు వచ్చారు, కాబట్టి నేనే సృష్టికర్తను" అనుకుంటాడు మొదటివాడు. వచ్చినవాళ్లూ అదే నమ్ముతారు. ఇంత పదునైన ఎతిరాజ్‌లు ఈ నేల మీద మనం రాకముందే పుట్టాయి. టీకొట్టు దగ్గర నేనేదో కొత్తగా కనిపెట్టాననుకున్నాను!

ఇక మనవాళ్ల సంగతి. బ్రహ్మ మొట్టమొదట మనకు పరిచయమైంది దేవుడిగా కాదు, లెక్కగా. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు బ్రహ్మస్ఫుట సిద్ధాంతం రాశాడు. అబ్బాసీ ఖలీఫా మన్సూర్ కాలంలో, 770ల్లో, హింద్ నుంచి వెళ్లిన పండితుల ద్వారా ఆ ఇల్మ్ బగ్దాద్ చేరింది. ఫజారీ దాన్ని అరబీలోకి తెచ్చాడు. దాని పేరు సింధ్‌హింద్. సిద్ధాంతం అన్న మాట అరబీ నాలుక మీద అలా మారింది. తర్వాత ఖ్వారిజ్మీ తన జీజ్, అంటే గ్రహాల పట్టికలు, దాని మీదే కట్టాడు. ఆ లెక్కలకు పునాది బ్రహ్మ పగలు.

ఎంత ఆ పగలు? కృతయుగం 17,28,000 సంవత్సరాలు, త్రేత 12,96,000, ద్వాపరం 8,64,000, కలి 4,32,000. నాలుగూ కలిపితే 43,20,000. అది ఒక మహాయుగం. అలాంటివి వెయ్యి అయితే బ్రహ్మకు ఒక పగలు, అంటే 432 కోట్ల సంవత్సరాలు. దాని పేరు కల్పం. భగవద్గీత ఎనిమిదో అధ్యాయం కూడా బ్రహ్మ పగలు వెయ్యి యుగాలంటుంది. ఆ పగటిలో 14 మంది మనువులు ఒకరి తర్వాత ఒకరు వస్తారు. ఒక్కొక్కరికి 71 మహాయుగాలు, మధ్యలో సంధికాలాలు. సాయంత్రమయ్యేసరికి ప్రళయం. బ్రహ్మ నిద్రపోతాడు, లోకాలు ఆగిపోతాయి. మళ్లీ అంతే రాత్రి. తెల్లవారాక లేచి మళ్లీ మొదలుపెడతాడు. ఇలా 360 రోజులైతే ఒక సంవత్సరం, అలాంటివి నూరు సంవత్సరాలు ఆయన ఆయుష్షు. మన సంవత్సరాల్లో 3,11,04,000 కోట్లు. ఆ తర్వాత ఆయనా పోతాడు.

మీరెప్పుడైనా హిందూ దోస్తుల పెళ్లికి వెళ్లి ముందు వరసలో కూర్చున్నారా? పురోహితుడు సంకల్పం చెప్పేటప్పుడు జాగ్రత్తగా వినండి. ఊరు పేరు, నది పేరు చెప్పేముందు కాలం చిరునామా చెబుతాడు: బ్రహ్మ ఆయుష్షులో రెండో సగం, శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగం, మొదటి పాదం. అంటే ఇప్పుడు బ్రహ్మకు యాభై నిండి యాభై ఒకటో ఏడు నడుస్తోంది. ఇన్నేళ్లుగా దావత్‌లకు వెళ్లి భోజనాలు చేసి వచ్చాను గానీ, పెళ్లికొడుకు చేత సృష్టి క్యాలెండర్ మొత్తం చదివిస్తున్నారని నాకు తెలియనే లేదు.

లెక్క అర్థమైనంత సులువుగా బ్రహ్మ అర్థం కాలేదు మనవాళ్లకు. ఇల్మె కలామ్ కితాబుల్లో బరాహిమా అని ఒక ఫిర్ఖా కనిపిస్తుంది. వాళ్లు దేవుణ్ణి ఒప్పుకుంటారట, నబీలను మాత్రం ఒప్పుకోరట, అఖ్ల్ ఉండగా నబీ ఎందుకంటారట. మన ముతకల్లిమీన్ తరతరాలుగా ఆ బరాహిమాతో మునాజరా చేశారు. చాలామందికి నిజమైన బ్రాహ్మణుడు ఎప్పుడూ ఎదురుపడలేదు. ఆ పేరు ఇబ్రాహీమ్ అలైహిస్సలామ్ నుంచి వచ్చిందని కొందరన్నారు. అది సరి కాదని షహరస్తానీ తన అల్ మిలల్ వన్నిహల్‌లో రాయాల్సొచ్చింది. పదో శతాబ్దపు మస్‌ఊదీ ఇంకో దారి పట్టాడు. ఆయన మురూజుజ్జహబ్ ప్రకారం బ్రహ్మన్ హింద్‌కు మొదటి మహారాజు, 366 సంవత్సరాలు రాజ్యం చేశాడు, బ్రాహ్మణులు ఆయన ఔలాద్. నాలుగు తలల దేవుడు తక్త్ మీద కూర్చున్న బాద్షా అయిపోయాడు.

అప్పుడు వచ్చాడు అబూ రైహాన్ అల్ బీరూనీ.

973లో ఖ్వారిజ్మ్‌లో పుట్టాడు. 1017లో మహమూద్ గజ్నవీ ఖ్వారిజ్మ్‌ను జయించి, దొరికిన ఆలిమ్‌లను గజ్నీకి తీసుకుపోయాడు. అందులో ఈయనా ఉన్నాడు. ఒకరకంగా ఖైదీ. మహమూద్ హింద్ మీద దండెత్తుతున్న ఆ రోజుల్లోనే ఈయన నలభై దాటిన వయసులో సంస్కృతం మొదలుపెట్టాడు. ఆ భాష ఎంత మొరాయిస్తుందో తనే రాసుకున్నాడు. మాటలు లెక్కలేనన్ని, ఉచ్చారణ మన గొంతుకు లొంగదు, నకలు రాసేవాళ్లు అజాగ్రత్త. హిందువులు బయటివాళ్లతో కలవరని, తమదే గొప్ప అనుకుంటారని ఫిర్యాదు చేశాడు. అదే కలంతో, మహమూద్ దాడులు వాళ్లని దుమ్ములా చెదరగొట్టాయని, అందుకే వాళ్ల గుండెల్లో మనమంటే నఫ్రత్ పాతుకుపోయిందని కూడా రాశాడు. గజ్నీలో కూర్చుని ఆ మాట రాయడానికి దమ్ముండాలి.

1030 ప్రాంతంలో పూర్తయిన ఆ గ్రంథాన్ని మనం కితాబుల్ హింద్ అంటాం. 80 అధ్యాయాలు. ఇది మునాజరా కితాబు కాదని ముందే చెప్పేశాడు. వాళ్ల మాటను వాళ్లు చెప్పినట్టు హికాయత్ చేస్తాను, వాళ్లతో వాదించను అన్నాడు. తన మాటను దాదాపు చివరిదాకా నిలబెట్టుకున్నాడు. బ్రహ్మగుప్తుణ్ణి గొప్ప గణితవేత్తగా ఆదరించాడు, గ్రహణం విషయంలో మాత్రం అసలు కారణం తెలిసి కూడా రాహువు కథకు తల ఊపాడని అదే బ్రహ్మగుప్తుణ్ణి మందలించాడు. మనవాళ్లనూ వదల్లేదు. పాత అరబీ అనువాదకులు ఆర్యభటుడి పేరును మనిషి పేరని తెలియక, వెయ్యోవంతు అనే అర్థమున్న మాటగా తీసుకున్నారని బయటపెట్టాడు. నాకు ఆ పేజీ తలుచుకున్నప్పుడల్లా నవ్వొస్తుంది. ఒక పెద్దమనిషిని భిన్నం చేసేశారు!

రెండో అధ్యాయం అల్లాహ్ గురించి హిందువుల అఖీదా. అక్కడ బీరూనీ బ్రహ్మతో మొదలుపెట్టలేదు. ఇదే నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి. చదువుకున్న హిందువులు ఈశ్వరుణ్ణి ఒక్కడని, ఆద్యంతాలు లేనివాడని, దేనినీ పోలనివాడని నమ్ముతారని రాసి, పతంజలి నుంచి, గీత నుంచి సబూత్ చూపించాడు. ఆ తర్వాత ఆమ్ ప్రజల నమ్మకాలు వేరని, ప్రతి మజ్హబ్‌లోనూ ఖవాస్‌కి అవామ్‌కి ఈ తేడా ఉంటుందని, మనలోనూ ఉందని చెప్పాడు. బ్రహ్మ వచ్చేది తర్వాత. బ్రహ్మ, నారాయణ, రుద్రుల ముగ్గుర్ని గురించి చెప్పేటప్పుడు నసారాల త్రిత్వాన్ని పోలికకు తెచ్చాడు. కాలం గురించిన అధ్యాయాల్లో బ్రహ్మ పగలు, బ్రహ్మ ఉమ్ర్ లెక్కలు వరసగా ఇచ్చాడు. ఆ సున్నా తేడా, మాస్టారు నాకు చెప్పిన తేడా, వెయ్యేళ్ల కిందట గజ్నీలో ఉన్న మనిషికి తెలుసు.

బ్రహ్మ ఉమ్ర్ కన్నా పెద్ద కాలాల గురించి కూడా ఆయన ఒక అధ్యాయం రాశాడు. బ్రహ్మ ఆయుష్షంతా ఇంకొకరికి ఒక్క రోజు, ఆ పైవాడి ఆయుష్షు మరొకరికి ఇంకా తక్కువ, ఇలా నిచ్చెన మీద నిచ్చెన. అందులో ఒక పద్ధతి కనిపించడం లేదని విసుక్కున్నాడు. పద్ధతి లేదన్నది నిజమే గానీ, ఆ నిచ్చెనలో ఒక తారీఖ్ దాగి ఉందనుకుంటాను. ఏ సంప్రదాయం వాళ్లు తమ దేవుణ్ణి పెద్దచేయాలనుకున్నా అందరికీ కొలబద్ద బ్రహ్మే. ఆయన నూరేళ్లు దొరికాయి కాబట్టి, ఆయన్ని దాటితే చాలు.

ఇక అందంగా తప్పు చెప్పిన మనిషి దారా షికోహ్. ఈ పేరు వింటే మన ఇళ్లలో రెండు రకాల ముఖాలు కనిపిస్తాయి, నాకు తెలుసు. షాజహాన్ పెద్ద కొడుకు, ఖాదిరీ సిల్సిలా మురీద్. 1655లో మజ్మవుల్ బహ్రైన్ రాశాడు. రెండు సముద్రాల సంగమం అని అర్థం. 1657లో కాశీ పండితుల సాయంతో యాభై దాకా ఉపనిషత్తులను ఫార్సీలోకి తెచ్చాడు, ఆ కితాబు పేరు సిర్రె అక్బర్. మజ్మవుల్ బహ్రైన్‌లో ఆయన బ్రహ్మను జిబ్రాయీల్ అన్నాడు, విష్ణువును మీకాయీల్, మహేశుణ్ణి ఇస్రాఫీల్. పుట్టించే పని, నిలిపే పని, ముగించే పని. సిర్రె అక్బర్ ముందుమాటలో మళ్లీ బ్రహ్మను ఆదమ్ అలైహిస్సలామ్‌తో కలిపాడు, వేదాలు ఆ కాలపు నబీల మీద దిగాయన్నాడు. 1659 ఆగస్టులో తమ్ముడి హుకుంతో ఆయన తల తెగింది. సిర్రె అక్బర్ మాత్రం బతికింది. 1801, 1802ల్లో ఆంక్విటిల్ దుపెరాన్ దాన్ని లాటిన్‌లోకి మార్చాడు. యూరప్‌లో షోపెన్‌హావర్ లాంటివాళ్లు ఉపనిషత్తులు చదివింది మొదట ఈ దారినే. అంటే ఫార్సీ మీదుగా.

దారా దిల్ పెద్దది. అందులో నాకు షక్ లేదు. కానీ ఆ జోడీ కుదరదు. జిబ్రాయీల్ వహీ తెస్తాడు, దేనినీ సృష్టించడు. ఇస్రాఫీల్ సూర్ ఊదుతాడు, హుకుం అయ్యాక. బ్రహ్మ మాత్రం ఉన్న పదార్థాన్ని ప్రతి తెల్లారీ కొత్తగా మలిచే శిల్పి. లేనిదాంట్లోంచి "కున్" అనగానే కావడం ఆ కథలో లేదు. ఇటు మన మలాయికా రారు, అటు వాళ్ల బ్రహ్మా సరిగ్గా రాడు. రెండు ఇళ్ల మధ్య గోడ కొట్టేసి హాలు పెద్దది చేసినట్టుంటుంది, ఎవరి వంటిల్లు ఎక్కడో తెలియదు.

తర్వాతి శతాబ్దంలో ఢిల్లీలో మిర్జా మజ్హర్ జానె జానా అనే నక్ష్‌బందీ బుజుర్గ్ ఉండేవారు. 1781లో షహీద్ అయ్యారు. ఒక ముఖ్‌తూబ్‌లో, అంటే ఉత్తరంలో, ఈ సవాల్‌కే జవాబు రాశారు. వేదాలు బ్రహ్మ అనే ఫరిష్తా ద్వారా వచ్చాయని, లోకం తయారుకావడానికి ఆ ఫరిష్తా ఒక సాధనమని అన్నారు. హిందువులు విగ్రహాల మీద దృష్టి నిలపడం జాహిలియ్యా అరబ్బుల షిర్క్ లాంటిది కాదని, విగ్రహాలకే సొంత శక్తి ఉందని ఆ అరబ్బులు నమ్మేవారని తేడా చూపించారు. అలాగని తన షరీఅత్‌ను ఒక్క అంగుళం కదిలించలేదు. మన నబీ వచ్చాక పాత దీన్‌లన్నీ మన్సూఖ్ అయ్యాయన్నది ఆయన అఖీదా. నక్ష్‌బందీలంటే కఠినమైనవాళ్లనే అనుకునేవాణ్ణి నేను. ఈ ఖత్ సంగతి తెలిశాక ఆ మాట వాపసు తీసుకున్నాను.

తారీఖ్‌లో చేదు కూడా ఉంది, దాచడం ఖియానత్. అజ్మీర్‌లో గరీబ్ నవాజ్ దర్గా జియారత్‌కి వెళ్లినవాళ్లకు నాగపహాడ్ తెలుసు. ఆ కొండ దాటితే పుష్కర్. దేశంలో బ్రహ్మ గుడి అంటే ముందు చెప్పుకునేది అక్కడిదే. కార్తీక పౌర్ణమికి పెద్ద జాతర. బ్రహ్మ యజ్ఞానికి సావిత్రి రావడం ఆలస్యమైతే గాయత్రిని పక్కన కూర్చోబెట్టుకున్నాడని, సావిత్రి కోపంతో ఇక్కడ తప్ప ఇంకెక్కడా నీకు పూజ ఉండదని శపించిందని అక్కడి కథ. 1613లో అజ్మీర్ వచ్చిన జహంగీర్ పుష్కర్ చెరువు గట్టున ఒక గుడిలో నల్లరాతి వరాహ విగ్రహం చూసి, పగలగొట్టించి చెరువులో వేయించాడు. తుజుక్‌లో తానే రాసుకున్నాడు, కాస్త గర్వంగానే. ఒకప్పుడు ఆ వరాహం బ్రహ్మదేనని, ఆ ఊరు బ్రహ్మదేనని ఆయనకు చెప్పేవాళ్లు లేరు. చెప్పినా వినేవాడు కాదేమో. నేను పుష్కర్ వెళ్లినప్పుడు గుడి మెట్ల దగ్గర కాసేపు నిలబడ్డాను. అదే చెరువు నీళ్లలో పిల్లలు కాళ్లు కడుక్కుంటున్నారు.

మన వైపు సంగతి వేరే. ఆలంపురంలో తుంగభద్ర ఒడ్డున బాదామి చాళుక్యుల కాలం నాటి నవబ్రహ్మ ఆలయాలున్నాయి. బాలబ్రహ్మ, స్వర్గబ్రహ్మ, పద్మబ్రహ్మ, వీరబ్రహ్మ అని పేర్లన్నీ బ్రహ్మవే. లోపల ఉన్నది శివలింగాలు. పేరు ఒకరిది, ఇల్లు ఇంకొకరిది. అక్కడే షా అలీ పహిల్వాన్ దర్గా కూడా ఉంది.

చేబ్రోలు మాకు దగ్గర. గుంటూరు నుంచి బస్సెక్కితే ఎంతోసేపు పట్టదు. కోనేరు మధ్యలో చతుర్ముఖ బ్రహ్మ గుడి. రెండు వందల ఏళ్ల కిందట రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించాడు. చెంచులను విందుకని పిలిచి చంపించాడని, ఆ పాపం వెంటాడితే గుళ్లు కట్టించాడని జనం చెప్పుకుంటారు. ఆ గుళ్లోనూ బ్రహ్మ ఒంటరిగా లేడు. లింగానికి నాలుగు వైపులా నాలుగు బ్రహ్మ మూర్తులు చెక్కారు. బ్రహ్మకు పూజ లేదన్న శాపానికి అడ్డు రాకుండా శివుడితో కలిపి పెట్టారని చెబుతారు. శాపానికి కూడా చట్టంలా సందు వెతికే తెలివి మన తెలుగువాళ్లకుంది.

మా నానీ గుర్తొస్తోంది. ఐదు పూటలా నమాజ్, తస్బీహ్ చేతిలోంచి జారేది కాదు. కానీ ఎవరింట్లోనైనా కష్టం వస్తే "బ్రహ్మ రాసిన రాత, ఎవరు చెరుపుతారే" అనేది. తెలుగు ఊళ్లో పుట్టి పెరిగిన నోరు అది. నేను చదువుకున్నవాణ్ణి కదా, "నానీ, అది షిర్క్. తఖ్దీర్ అనాలి" అని దిద్దేవాణ్ణి. బిడ్డ పుట్టిన ఆరో రోజు బ్రహ్మ వచ్చి నుదుట రాసిపోతాడని హిందువుల ఇళ్లలో నమ్మకం. బిడ్డ తల్లి కడుపులో ఉండగానే ఫరిష్తా వచ్చి రిజ్క్, ఉమ్ర్, అమల్, అదృష్టమో దురదృష్టమో రాస్తాడని మన హదీస్. నేను దిద్దినందుకు నానీ నొచ్చుకోలేదు. "రాసేవాడికి తెలుసులేరా నేనెవర్ని అంటున్నానో" అంది. అఖీదా ప్రకారం నేను చెప్పింది సహీ. ఇప్పుడైనా పిల్లలకు తఖ్దీర్ అనే నేర్పుతాను. కానీ ఆ రోజు నేను వాడిన గొంతు ఉంది చూడండి, అది టీకొట్టు దగ్గర మాస్టారి మీద వాడిన గొంతే.

ముష్రిక్‌లు పిలిచే వాటిని తిట్టవద్దని, తిడితే వాళ్లు తెలియక అల్లాహ్‌ను తిడతారని సూరా అన్‌ఆమ్‌లో మనకు తాకీదు ఉంది. నేనప్పుడు ఆ ఆయత్ కంఠస్తంగా చదివేవాణ్ణే.

పిల్లకు ఇదంతా ఒక్క రాత్రిలో చెప్పలేదు. మొదటి రోజు సున్నా తేడా మాత్రం కాగితం మీద రాసి చూపించాను. బ్రహ్మ మన అల్లాహ్ లాంటివాడు కాడని, వాళ్ల కితాబుల్లోనే ఆయన పుట్టినవాడని, మనం ఖాలిఖ్ అనేదానికి దగ్గరగా వాళ్లు చెప్పే మాట పరబ్రహ్మమని, అది కూడా అచ్చం మనం చెప్పినట్టే ఉండదని చెప్పాను. రెండో రోజు యుగాల లెక్క. దానికది బాగా నచ్చింది. 432 పక్కన సున్నాలు పెట్టుకుంటూ పోయింది. మూడో రోజు బ్రహ్మ మొత్తం ఉమ్ర్ గుణించింది, సున్నాలు లెక్కపెట్టుకుంటూ నోటుబుక్కులో ఒక లైన్ చివరిదాకా వెళ్లింది.

"అబ్బా, ఈయన పోయాక?"

"ఇంకో బ్రహ్మ వస్తాడంటారు."

"ఆయన్నెవరు పుట్టిస్తారు?"

"దానికి వాళ్లలోనే ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు బేటా. నేను చెబితే తప్పు చెబుతానేమో."

"మాస్టారు తాతగారికి తెలుసా?"

తెలుస్తుందన్నాను. పిల్ల నోటుబుక్కు చంకలో పెట్టుకుని, దుపట్టా సర్దుకుని, చెప్పులు వేసుకుని బయల్దేరింది. ఇషా అజాన్ వేళకు ఇంటికి వచ్చేయమని వెనక నుంచి కేక వేశాను.